బంగారంలో తెల్ల నలుసు: ఈజిప్టు నగల లోహం ఎక్కడిది?

(రికార్డింగు నుంచి ఎక్కించిన ప్రసంగ పాఠం. తెర మీద చూపిన ఫొటోలు ఇందులో లేవు.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కంసాలి పని చేసే పెద్దలు కూర్చున్నారని ఇప్పుడే చెప్పారు. సంతోషంగానూ ఉంది, కాస్త టెన్షన్‌గానూ ఉంది. మూస, ఊదుగొట్టం, టంకం... ఇవన్నీ నేను చదువుకుని తెలుసుకున్నవి, మీరు చేత్తో చేసినవి. ఎక్కడైనా తప్పు మాట్లాడితే అక్కడే ఆపండి, మొహమాటపడకండి.

తెర మీద ఫొటో చూడండి. వెనక ఉన్నవాళ్లకు కనిపిస్తోందా? ఆ లైటు ఆపితే బాగుంటుంది. ఆఁ, ఇప్పుడు సరే. ఇది ప్రాచీన ఈజిప్టు బంగారు నగలో చిన్న భాగం, మైక్రోస్కోపు కింద పెట్టి తీసింది. అంతా పసుపు. మధ్యలో బూడిద కలిసిన తెలుపులో ఒక నలుసు. ఏమిటది? దుమ్మా? తుడిస్తే పోదు. వెండా? వెండి అయితే కరిగి బంగారంలో కలిసిపోయేది, ఇలా విడిగా నిలబడదు. టంకమా? ఇక్కడ అతుకే లేదు. మరి ఏమిటి?

ఆస్మియం, ఇరిడియం, రుథేనియం. ఈ మూడూ కలిసిన లోహపు రవ. ప్లాటినం కుటుంబం లోహాలివి. ఎవరూ కావాలని కలపలేదు, భూమిలోనే అలా పుట్టింది. సైజు చాలావరకు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కొన్ని మాత్రం కాస్త పెద్దవి, పరీక్షగా చూస్తే ఉత్త కంటికే దొరుకుతాయి. ఈజిప్టు నగల్లో ఇవి అరుదేమీ కాదు. ఒకే నగలో పదుల కొద్దీ కనిపించడం కూడా ఉంది. ఇవాళ నా ప్రసంగమంతా ఈ నలుసు చుట్టూనే తిరుగుతుంది. నగ అందం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నలుసు గురించి చెప్పేవాళ్లు తక్కువ.

మొదటి ప్రశ్న. కొలిమిలో పెట్టి కరిగించిన బంగారంలో ఈ రవ ఎలా మిగిలింది?

బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇరిడియం కరగాలంటే 2400 డిగ్రీలు దాటాలి, ఆస్మియానికి 3000 దాటాలి. ఈజిప్టులో సక్కారా అనే చోట మెరెరుకా అనే మంత్రి సమాధి ఉంది, క్రీస్తుపూర్వం 2300 ప్రాంతానిది. దాని గోడ మీద బంగారు పనివాళ్ల బొమ్మలు చెక్కారు. ఒకచోట లోహం తూస్తున్నారు, ఒకచోట మరుగుజ్జు పనివాళ్లు హారాలు కూరుస్తున్నారు, ఇంకోచోట మనుషులు మూస, అంటే లోహం కరిగించే పాత్ర, చుట్టూ కూర్చుని ఊదుగొట్టాలతో ఊదుతున్నారు. తోలు తిత్తి కూడా లేదు, చూశారా? అంతా ఊపిరి పనే. ఆ ఊపిరితో బంగారం కరుగుతుంది, రాగి కూడా కరుగుతుంది. ఆస్మియం మాత్రం వేడెక్కి అలాగే కూర్చుంటుంది. పోనీ కరిగిన బంగారంలో అది కరిగి కలుస్తుందా అంటే, అదీ లేదు. ప్లాటినం అయితే మెల్లగా కొంత కలుస్తుంది. ఈ మూడూ కలవవు.

సరే, కరగకపోతే కిట్టంతోపాటు, అంటే కరిగిన లోహం మీద తేలే మలినంతోపాటు, పైకి తేలాలి కదా? ఇసుక తేలుతుంది, నల్ల ఇనుప రజను తేలుతుంది, వాటిని పైనుంచి గీకి పారేస్తారు. ఇది తేలదు. బంగారం సాంద్రత 19.3. ఆస్మియం, ఇరిడియంలది 22.5 దాటుతుంది. ప్రకృతిలో దొరికే లోహాల్లో అన్నిటికంటే బరువైనవి ఇవే. బంగారం మీద ఇవి తేలే ప్రశ్నే లేదు.

ఇదే బరువు అంతకుముందు వాగులో కూడా పని చేసింది. బియ్యం గాలించడం మీ అందరికీ తెలుసు. గిన్నెను అలా తిప్పుతుంటే బియ్యం నీళ్లతో పైకొస్తాయి, రాళ్లు అడుగున ఉండిపోతాయి. వాగు ఇసుకలో బంగారం గాలించేవాడికి కావలసింది ఆ అడుగునది. అడుగున బంగారం ఒక్కటే ఉండదుగా. బంగారం కంటే బరువైనదేదైనా ఉంటే అది దానికి ముందే అక్కడికి చేరుతుంది. ఎంత నేర్పుగా గాలిస్తే అంత శుభ్రంగా ఈ ఆస్మియం రవలు కూడా బంగారంతోపాటే చేతికొస్తాయి. పనివాడి నేర్పే వీటిని నగలోకి తెచ్చింది.

నీళ్లు చేసిన పని

ఇక రెండో ప్రశ్న. ఇదే అసలు ప్రశ్న. బంగారమూ, ఈ రవలూ ఒకే రాతిలో పుడతాయా?

మామూలుగా పుట్టవు. ఈజిప్టు తూర్పు ఎడారిలో బంగారం ఎక్కువగా పలుగురాతి చారల్లో ఉంటుంది. మన కోలారులో తవ్విందీ పలుగురాతి చారల బంగారమే, ఆ గనుల్లో పని చేసిన తెలుగు కుటుంబాలు ఈ సభలో ఉన్నా నేను ఆశ్చర్యపోను. ఆస్మియం, ఇరిడియంల ఇల్లు వేరు. భూమి లోతుల్లోంచి పైకొచ్చిన, మెగ్నీషియం ఎక్కువగా ఉండే నల్లని, పచ్చని రాళ్లలో, క్రోమైట్ అనే క్రోమియం ఖనిజం ఉండేచోట ఇవి ఉంటాయి. తూర్పు ఎడారిలో ఆ రాళ్లూ ఉన్నాయి, ఈ పలుగురాయీ ఉంది, కానీ విడివిడిగా. పలుగురాతి చారను తవ్వి, దంచి, విసిరి తీసిన బంగారంలో ఆస్మియం రవ ఉండటానికి కారణం లేదు.

మరి రెండూ ఎక్కడ కలుస్తాయి? కొండలు అరిగి, వానకు కొట్టుకొచ్చి, వాగు మలుపులో, గులకరాళ్ల కింద పేరుకున్నప్పుడు కలుస్తాయి. ఈ రాయి నుంచి కొంత, ఆ రాయి నుంచి కొంత. నీళ్లే కలపాలి. కాబట్టి నగలో తెల్ల నలుసు కనిపించిందంటే, ఆ బంగారంలో కొంతైనా వాగులోనో నదిలోనో గాలించి తీసిందని అర్థం.

ఈ సంగతిని 1970ల్లో గట్టిగా పట్టుకున్నారు. జాక్ ఆగ్డెన్ అనే ప్రాచీన నగల పరిశోధకుడు 1977లో దీని మీద రాశారు. 1980లో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలకు చెందిన నైజెల్ మీక్స్, మైకేల్ టైట్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఈ రవలను ఒక్కొక్కటిగా పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. ఈమధ్య కాలంలో ఫ్రాన్స్‌కు చెందిన మరియా ఫిలోమెనా గెర్రా, ఎడిన్‌బరాలోని లోర్ ట్రోలెన్ లాంటివాళ్లు నగలను ఏమాత్రం గీకకుండా, కోయకుండా ఈ పని చేస్తున్నారు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం కింద ఒక కణ త్వరణ యంత్రమే ఉంది, మ్యూజియం వస్తువుల కోసమే. నగ మీద ప్రోటాన్లను వదులుతారు, లోపల ఏ లోహం ఎంత ఉందో దాని నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు చెబుతాయి. మన నగల షాపులో క్యారట్ మెషీన్ కూడా ఎక్స్ కిరణాలతోనే నడుస్తుంది, దానికి పెద్దన్న అనుకోండి.

ఇప్పుడు ఒక చిక్కు. ఈజిప్టు బంగారం గురించి రాతపూర్వకంగా ఉన్నవి ఎక్కువగా గనుల గురించే చెబుతాయి. ఇటలీలో టురిన్ నగరంలో ఒక పపైరస్ పటం ఉంది. క్రీస్తుపూర్వం 1150 ప్రాంతంలో, నాలుగో రామ్సెస్ కాలంలో, అమెన్‌నఖ్త్ అనే లేఖకుడు గీసినది. వాదీ హమ్మామత్ లోయ, దాని పక్కన కొండలు, ఇవి బంగారు కొండలు అని రాత, పనివాళ్ల ఇళ్లు, బావి, అన్నీ ఉన్నాయి అందులో. భూమిలోని రాళ్లను రంగులతో వేరుచేసి చూపిన పటాల్లో మనకు దొరికిన అతి పాతది అదే. తర్వాత గ్రీకు రచయిత డియోడోరస్ ఏం రాశాడు? ఖైదీలు సొరంగాల్లో పాకుతూ రాయి కొట్టేవాళ్లు, ముందు మంటపెట్టి రాయిని పగలనిచ్చేవాళ్లు, పిల్లలు ఆ ముక్కలు బయటికి మోసేవాళ్లు, ఆడవాళ్లు, ముసలివాళ్లు తిరగళ్లలో విసిరేవాళ్లు అని. చదివితే గుండె బరువెక్కుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞులు రోజ్‌మేరీ క్లెమ్, డైట్రిక్ క్లెమ్ దంపతులు ఏళ్ల తరబడి ఎడారిలో తిరిగి ఈజిప్టులో, దానికి దక్షిణాన ఉన్న నూబియాలో సుమారు 250 పాత బంగారు పనిచోట్లను నమోదు చేశారు. దంచే రాళ్లు, తిరగళ్లు, కడిగిన మట్టి గుట్టలు ఇప్పటికీ అక్కడే పడి ఉన్నాయి.

పటం గని అంటుంది, డియోడోరస్ గని అంటాడు, తిరగళ్లు గని అంటాయి. నలుసేమో వాగు అంటుంది. ఎవరిని నమ్మాలి?

నా దృష్టిలో నలుసునే ఎక్కువ నమ్మాలి. పటం గీసినవాడు ప్రభుత్వం తరఫున గీశాడు. గని అంటే మకాం, కాపలా, లెక్కలు, సరఫరా. అవన్నీ రాతలోకి ఎక్కుతాయి. వాగులో కూర్చుని ఇసుక గాలించే కుటుంబం గురించి ఏ లేఖకుడు రాస్తాడు, చెప్పండి? డియోడోరస్ రాసింది కూడా గ్రీకు రాజుల కాలం సంగతి. దాన్ని తీసుకెళ్లి పిరమిడ్ల కాలానికి అంటగట్టేవాళ్లున్నారు, అది సరికాదు. మధ్యలో రెండు వేల ఏళ్లకు పైగా తేడా ఉంది.

గాలింపుకు ఆనవాళ్లు దొరకడం కూడా కష్టమే. వాగు తన పని తాను చేసుకుపోతుంది, గుంటలన్నీ పూడిపోతాయి. అయినా ఒకటి దొరికింది. సూడాన్‌లో నైలు నాలుగో ప్రపాతం దగ్గర హోష్ ఎల్ గురూఫ్ అనే చోట, 2007లో షికాగో విశ్వవిద్యాలయం బృందం తవ్వకాలు చేసింది. నది ఒడ్డున 50కి పైగా దంచే రాళ్లు బయటపడ్డాయి. నూబియాలోని కెర్మా రాజ్యం కాలం నాటివి, అంటే క్రీస్తుపూర్వం 2000 నుంచి 1500 మధ్యవి. నది ఒడ్డున దొరికే బంగారు రాతిని, ఒండ్రును దంచి గాలించేవాళ్లు. ఆ తవ్వకాలంత హడావుడిగా ఎందుకు జరిగాయో తెలుసా? మెరోవే డ్యామ్ కడుతున్నారు. ఇప్పుడు ఆ చోటు నీళ్ల కింద ఉంది. డ్యామ్ కిందకు వెళ్లిన ఊళ్ల గురించి శ్రీశైలం ప్రాంతంవాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఒక మాట జాగ్రత్తగా వినాలి. నలుసు ఉంటే వాగు బంగారం ఉన్నట్టే. నలుసు లేకపోతే గని బంగారమేనా? అలా అనకూడదు. ఎందుకో మన పెద్దలకు ఈపాటికి తట్టే ఉంటుంది. ఇవి బరువైనవి కదా, మూసలో అడుగుకు దిగుతాయి. పైది పోసి చేసిన నగలో ఉండకపోవచ్చు, అడుగుది పోసి చేసిన నగలో గుంపుగా ఉండొచ్చు. రెండూ ఒకే మూస బంగారమే! పైగా మనం చూసేది నగ పైభాగాన్ని మాత్రమే. ఆపైన, కొన్ని వాగుల పరిసరాల్లో ఆ నల్ల రాళ్లే ఉండవు. అక్కడ గాలించిన బంగారంలోనూ నలుసు ఉండదు.

మరి ఏ ఊరిది?

ఇక్కడికి వచ్చేసరికి పత్రికలవాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న. "అయితే సార్, ఆ బంగారం ఏ గనిది?" రవలో ఆస్మియం ఎంత, ఇరిడియం ఎంత, రుథేనియం ఎంత అని కొలవగలం కదా. ఆ లెక్క ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటే చిరునామా దొరికినట్టే కదా?

మొదట్లో అందరికీ ఆ ఆశ ఉండేది. మీక్స్, టైట్ కొలిచి చూసేసరికి ఏం తేలింది? ఒకే వస్తువులో పక్కపక్కనే ఉన్న రెండు రవలకే పొంతన లేదు. ఒకదాంట్లో ఆస్మియం ఎక్కువ, ఇంకోదాంట్లో రుథేనియం ఎక్కువ. ఒకే వాగులోకి నాలుగు కొండల మట్టి వస్తే అంతే మరి. ఇంకో సంగతి, ఈ నలుసులు ఈజిప్టు సొత్తు కాదు. ఇరాక్‌లో ఊర్ రాజసమాధుల బంగారంలో ఉన్నాయి, టర్కీలో లిడియా రాజుల నాణేల్లోనూ ఉన్నాయి. నలుసు చూపించి "ఇది ఈజిప్టుదే" అని సర్టిఫికెట్ ఇచ్చే వ్యాపారి దగ్గర ఏదీ కొనకండి. పాతదనడానికి కూడా అది రుజువు కాదు, పాత ముక్కలు కరిగించి కొత్తగా చేసిన నగలోకి అవే రవలు వచ్చేస్తాయి.

కరిగించడం అంటే గుర్తొచ్చింది. బంగారం ఎప్పుడూ ఒకచోట నిలవదు కదా. అమ్మమ్మ గొలుసు మనవరాలి గాజులవుతుంది. ఫారోల ఖజానాలోనూ అంతే. మూడో థుట్మోస్ కాలపు కర్ణాక్ గుడి శాసనాల్లో వావత్ బంగారం, కుష్ బంగారం అని వేర్వేరు పద్దులున్నాయి, రెండూ నూబియావే, వావత్ పద్దు చాలా పెద్దది. పద్దులో వేరు. మూసలో పడ్డాక? ఇక పైదేశాలకు వెళ్లిన బంగారం కథ ఇంకా సరదా. ఈజిప్టులో అమర్నా అనే చోట దొరికిన మట్టి పలకల ఉత్తరాల్లో బాబిలోన్ రాజు బుర్నబురియష్ ఈజిప్టు రాజు మీద ఫిర్యాదు చేస్తాడు. మీరు పంపిన 20 మినాల బంగారం కొలిమిలో పెడితే 5 మినాలు కూడా తేలలేదు అని! మినా అంటే అప్పటి తూకం కొలత. తరుగు గురించి గొడవ 3300 ఏళ్ల కిందటే ఉందన్నమాట. మీరేం నవ్వకండి, మీ వృత్తి మీదే ఆ ఫిర్యాదు.

అంటే అప్పట్లో బంగారాన్ని పుటం పెట్టి శుద్ధి చేసే అలవాటు ఈజిప్టులో అంతగా లేదు. ఉప్పు వేసి కాల్చి బంగారం నుంచి వెండిని వేరుచేసే పద్ధతికి గట్టి ఆధారం క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో, లిడియా రాజధాని సార్డిస్‌లో దొరికింది. అంతకుముందు భూమి ఎంత వెండి కలిపి ఇస్తే అంతతోనే నగ. అందుకే ఈజిప్టు నగల్లో వెండి 5 శాతం ఉన్నవీ ఉన్నాయి, 30 దాటినవీ ఉన్నాయి. వెండి బాగా పెరిగితే రంగు పాలిపోతుంది, దాన్ని ఎలక్ట్రమ్ అంటాం. దాన్ని వాళ్లు నాసిరకం అనుకోలేదు, రంగు కోసం కావాలనే ఏరుకున్నారు.

ఖుర్నా నగలు చూడండి. 1908లో ఈజిప్టులో థీబ్స్ దగ్గర ఖుర్నాలో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త పెట్రీ బృందం ఒక సమాధి తెరిచింది. ఒక యువతి, పక్కన ఒక చిన్న బిడ్డ. పదిహేడో రాజవంశం కాలం. ఆమె పేరు తెలియదు. వందల కొద్దీ చిన్న రింగులు గుచ్చిన నాలుగు పేటల హారం, నాలుగు గాజులు, చెవి కమ్మలు, ఎలక్ట్రమ్ పూసల మొలనూలు. అన్నీ ఇప్పుడు ఎడిన్‌బరాలో ఉన్నాయి. హారం ఒక పసుపు, మొలనూలు ఇంకో పసుపు. తెల్ల నలుసులూ ఉన్నాయి. అతుకుల దగ్గర రాగి కాస్త ఎక్కువ, టంకం తొందరగా కరగాలని. ఇది మీరిప్పటికీ చేసే పనే కదండీ?

ఈ సమాధి విలువ ఎక్కడుందంటే, నగలన్నీ కలిసే ఉన్నాయి. అంతకు కొన్నేళ్ల ముందు అబిడోస్‌లో పెట్రీ మనుషులకే మొదటి రాజవంశపు చెయ్యి ఒకటి దొరికింది, గుడ్డ చుట్టి, నాలుగు కంకణాలతో. 5000 ఏళ్ల నాటిది. కైరో మ్యూజియానికి పంపితే అక్కడ కంకణాలు ఉంచుకుని చేతినీ, గుడ్డనీ పారేశారు. పెట్రీయే బాధపడుతూ రాసుకున్నాడు.

తెల్ల లోహం గురించి ఇంకో ముక్క. లూవ్ర్‌లో ఒక ఈజిప్టు పెట్టె ఉంది, క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దానిది. దాని మీద బంగారం, వెండి పట్టీలతో అక్షరాలు పొదిగారు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తెలో పరీక్షిస్తే వెండి పట్టీల్లో ఒకటి ఆమ్లానికి లొంగలేదు. ప్లాటినం! పనివాడు దాన్ని వెండి అనే అనుకుని ఉంటాడు, సుత్తి కింద కాస్త మొండికేసిన వెండి. అదీ వాగు ఇసుకలోంచి వచ్చిందే అయ్యుంటుంది.

వెండి విషయంలో మాత్రం మంచి చిరునామా ఒకటి దొరికింది. పిరమిడ్ కట్టించిన ఖుఫూ తల్లి హెతెఫెరెస్ వెండి కంకణాలు, 1925లో గిజాలో బయటపడ్డాయి. ఈజిప్టులో సొంత వెండి గనులు చెప్పుకోదగ్గవి లేవు కాబట్టి, అది వెండి ఎక్కువగా ఉన్న స్థానిక బంగారం నుంచే వచ్చిందని చాలామంది అనుకునేవాళ్లు. 2023లో ప్రచురించిన పరిశోధనలో ఆ వెండిలోని సీసం ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి చూస్తే గ్రీసు దీవులతో, ముఖ్యంగా సైక్లడీస్‌తో సరిపోయింది. లెబనాన్ రేవు బైబ్లోస్ మీదుగా వచ్చి ఉండాలని వాళ్ల అంచనా. మహాపిరమిడ్ కాలం నాటికే సముద్రాలు దాటి సరుకు వచ్చిందన్నమాట. బంగారం నలుసుల్లో ఆస్మియం ఐసోటోపులతో ఇలాంటి పని చేయొచ్చని ఎర్న్‌స్ట్ పెర్నికా అనే పరిశోధకుడు, ఆయన సహ పరిశోధకులు 2003లోనే ప్రతిపాదించారు. ఆ రవలు పుట్టిన రాతి జాడ అలా కొంత తెలుస్తుంది. అయితే అది నలుసు ఊరు, బంగారం ఊరు కాదు. ఈ తేడా మరచిపోయి రాసిన వ్యాసాలు చాలా చూశాను.

నాది అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక పెద్దాయన: ఇరిడియం పొడి కలిపి మోసం చేస్తున్నారని మన దగ్గర కూడా అన్నారు కదండీ. అదీ ఇదీ ఒకటేనా?)

లోహం ఒకటేనండీ, దారి వేరు. మన దేశంలో ఇరిడియం, రుథేనియం పొడి బంగారంలో కలిపి అమ్ముతున్నారని పత్రికల్లో వచ్చింది నిజమే. బంగారంలో కరగకుండా ఉండిపోతుంది, గీటురాయికి దొరకదు, ఇరిడియానికి బరువులో తేడా కూడా తెలియదు. ఎక్స్ రే మెషీన్ అయితే పట్టేస్తుంది. ఈజిప్టు పనివాడు కలపలేదు, తీసేయలేకపోయాడు.

(అదే పెద్దాయన: కంటికి కనబడ్డవైనా ఏరి పారేయొచ్చు కదా, ఎందుకుంచారు?)

రేకు కొట్టాక కనబడితే ఏం చేస్తారు మీరు? తవ్వితే బొక్క పడుతుంది. మెరుగు పెడితే సుత్తికీ, రాతికీ లొంగదు, అటూ ఇటూ గీత పడుతుంది. నగ వాడేకొద్దీ చుట్టూ ఉన్న మెత్తని బంగారం అరుగుతుంది, ఇది అరగదు. అందుకే బాగా వాడిన నగల్లో ఇవి పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. కొత్తగా చేసినప్పుడు చాలావరకు లోపలే ఉండేవి, పనివాడు చూసి కూడా ఉండడు.